సారు చెరుపుకున్న చౌకం

కాలేజీల ప్రాక్టికల్ పరీక్ష నడుస్తాంది. ఒక పిల్ల పటకం తిప్పుకుంట రీడింగు తీస్తాంది, నేను పక్కన నిలబడ్డ. టేబుల్ సొరుగుల ఫోన్ గుర్రుమన్నది. పరీక్షల ఫోన్ ఎత్తొద్దన్నది నేను పెట్టిన రూలే గని, సారు ఇంటి నంబర్ చూసి ఎత్తిన.

"మీ సారు తెల్లారి ఫజర్ నమాజుకు లేపమన్నడు బిడ్డా. లేపితే లేవలే," అన్నది ఖాలా. సారు భార్యను నేను ఖాలా అనే పిలుస్త. ఫోన్ సొరుగుల పెట్టి ఆ పిల్ల రీడింగు ఒడిసేదాక అట్లనే నిలబడ్డ. రీడింగును నడిమిట్ల ఇడిసిపెడితే సారుకు మంట. ఆ మంట నాకు గూడ అంటింది. పిల్ల దండం పెట్టి పోయినంక కారిడార్ల గోడకు ఒరిగి ఏడ్చిన.

మీల చానామందికి సారు ఎవలో తెల్వదు. తెలిసే పని గూడ కాదు ఆయనది. పుట్టింది దేవరకొండల. పనిచేసింది మాత్రం ఎక్కడో దూరం, ఒక పెద్ద పరిశోధన సంస్థల. రిటైరయినంక హైదరాబాదుల ఉంటడనుకుంటె, నల్లగొండల మా గల్లీల కిరాయికి దిగిండు. దిగిన నాడే మా ఇంటి తలుపు కొట్టి, "నువ్వేనా అమ్మా ఫిజిక్సు చెప్పేది? పీహెచ్‌డీ సగంల ఆపినవట. ఎందుకు ఆపినవ్?" అని అడిగిండు. చాయ్‌పత్తి అడగనీకె వచ్చిండనుకున్న నేను. ఎవలు చెప్పిండ్రో ఏమో గని, ఆ నాటి నుంచి నన్ను ఇడిసిపెట్టలె.

ఆయన పనేందంటె, ఆకాశం చూసే దుర్బీన్లను ఎక్కడ నిలబెట్టాల్నో చెప్పుడు. చేసుడు గాదు, అండ్ల నుంచి చూసుడు గాదు, నిలబెట్టుడు. ఇదేం పని అనిపిస్తది ఇనంగ. నాకూ అనిపించింది, మొహం మీదనే అన్న గూడ. సారు నవ్వి, కుర్తా జేబుల నుంచి సుద్దముక్క తీసి మా అరుగు మీద కూసున్నడు. ఆ జేబుల ఎప్పుడు సుద్దముక్క ఉండేది. "ఈ మనిషి బట్టలు ఉతుకుతె సున్నం కారుతది," అని ఖాలా రోజు తిట్టేది.

ఆ నాడు సారు చెప్పిన ముచ్చట నాకొచ్చినట్టు చెప్త. ఆకాశంల ఎక్కడో ఒక నక్షత్రం పేలుతది. అక్కడి నుంచి గామా కిరణాలు బయలెల్లుతయి. మన కంటికి కనపడే వెలుతురు కంటె లక్షల కోట్ల రెట్లు జోరుంటది వాటికి. అయినా భూమి దాక రావు. పైన గాలికి తాకంగనే పలిగి, తునకలు తునకలై కిందికి ఉరుకుతయి. ఆ ఉరుకుడుకు గాలిల సన్నని నీలం వెలుతురు పుట్టి, నేల మీద గుండ్రంగ పరుసుకుంటది. కన్ను మూసి తెరిచేలోపల వచ్చుడు, పోవుడు రెండు అయిపోతయి. ఆ వెలుతురు పడే జాగల దుర్బీన్లు ఉండాలె. ఒక్కటి చూస్తె సరిపోదు. రెండు మూడు కలిసి చూస్తెనే ఆ కిరణం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తది. మరీ దగ్గర పెడితే తక్కువ జాగల పడ్డ వెలుతురే దొరుకుతది. మరీ దూరం పెడితే ఒకదానికి కనపడ్డది ఇంకోదానికి కనపడది. ఎంత దూరం పెట్టాలె? గీ ఒక్క సవాలు మీదనే సారు జిందగీ గడిచింది.

"ఒక్కడు చూసిండంటె ఇను. ఇద్దరు చూసిండ్రంటె నమ్ము," అనేటోడు. దుర్బీన్ల గురించే గాదు, గల్లీల ముచ్చట్లకు గూడ గిదే మాట. ఎవలన్న ఎవలి మీదనన్న చాడీ చెప్పొస్తె, "రెండో దుర్బీను ఏది?" అని అడిగేటోడు. వాళ్లు బిత్తరపోయి చూసేటోళ్లు.

సారు సుద్దముక్కతోని ఏం గీసినా ఆఖరికి చౌకమే గీసేటోడు. నాలుగు మూలలు, మూలకొక దుర్బీను. మా అరుగు మీద, బస్టాండు బెంచీ మీద, నా స్కూటీ కాళ్ల కాడ, ఎక్కడ జాగా దొరికితే అక్కడ. "చౌకమే ఎందుకు సార్?" అని అడిగిన.

"నా కాలంల కంప్యూటర్లు నత్తలు బిడ్డా. చౌకమైతె నాలుగు దిక్కులు ఒక్కతీరుగుంటయి. ఒక్క మూలకు లెక్క చేస్తె కడమ మూడు ముఫత్. అట్ల మొదలువెట్టిన. మంచిగ పనిచేసింది. ఇగ మార్చుడెందుకు?"

నిజంగనే మంచిగ పనిచేసింది. సంస్థోళ్లు మంచుకొండల మీద పెద్ద పెద్ద దుర్బీన్లు నాలుగు పెట్టాలనుకుంటె, ఎక్కడెక్కడ అన్నదానికి సారు చౌకాన్నే ఒప్పుకున్నరు. రిటైరయినా ఆ పని చూసే కమిటీల సారు ఉన్నడు. ఎత్తు కొండ మీద పునాది పోస్తె మల్ల జరుపుడు అయ్యే పని గాదు. అందుకని పునాదుల కంటె ముందు కింద ఒక్కసారి చిన్న దుర్బీన్లు నాలుగు పెట్టి చూసుకుందామన్నడు సారు. చీకటి జాగా కావాలె, మబ్బు లేని ఆకాశం కావాలె. నేను మా ఊరు చెప్పిన.

మాది మర్రిగూడ దిక్కు. మా తాతలకు గుంట భూమి లేదు. నాయిన ఏండ్లకేండ్లు కూలి చేసి కొన్న చెలక ఉన్నది, పక్కన కొంత బీడు. నీళ్లల్ల ఫ్లోరైడుకు నాయిన నడుము వంగిపోయింది, మెడ పైకి లేవది. సారు మొదటిసారి వచ్చినప్పుడు నాయినకు ఆకాశం చూపియ్యాలని చెయ్యి లేపి, మెడ చూసి చెయ్యి దించిండు. నాయిన ముందట కింద కూసొని, మొత్తం నేల మీదనే గీసి చెప్పిండు.

అంత ఇన్నంక నాయిన అడిగిండు: "దీంతోని వానలొస్తయా సార్?"

"రావు."

"అయితె పెట్టుకోండ్రి. వస్తయని చెప్పినోళ్లంత అబద్ధమే చెప్పిండ్రు."

సారు అంతగనం నవ్వుడు నేనెన్నడు చూడలె. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఆ నాటి నుంచి వాళ్లిద్దరికి దోస్తానా కుదిరింది. సారు వస్తుండంటె నాయిన మంచి సీతాఫలాలు ఏరి గడ్డిల మాగేసి పెట్టేటోడు. సారు వాటిని తినుకుంట గింజలను మాత్రం పైలంగ ఒక కాగితంల మూటగట్టేటోడు. బీడుల ఉమ్మొద్దంటడు. "నా దుర్బీను కింద చెట్టు మొలుస్తది," అని.

ఇగ ఇక్కడ మా బుద్ధిమంతుల తెలివి గురించి చెప్పాలె. తెలంగాణ వచ్చిన ఏడు అది. వానలు ఎనకకు పోయినయి, ఆకాశం కడిగినట్టున్నది. సారు అమావాస్య ఎప్పుడో చూసిండు, మబ్బు చూసిండు, గాలిల తేమ చూసిండు. అన్ని కుదిరిన దినాలు ఎంచి నాలుగు దుర్బీన్లు బీడుల దింపిండు. దింపిన దినమే దీపావళి. దీపావళి అమావాస్యకే వస్తదని చిన్న పోరనికి గూడ ఎరుక. మేం ఇద్దరం ఫిజిక్సు చదివినోళ్లం, ఇద్దరికి యాదికి రాలె. పొద్దుగూకంగనే ఊరంత రాకెట్లు లేసినయి. దుర్బీన్ల లోపలి ట్యూబులకు గట్టి వెలుతురు తగిలితే కండ్లు పోయినట్టే. ఉరికురికి వాటి మీద గుడ్డలు కప్పినం.

"పోనీ, ఒక్క దినమే కదా," అన్నడు సారు. రెండు దినాలైనంక సన్నని నెలవంక కనపడ్డది. నెలవంక కనపడంగనే ఊళ్లె డప్పు మోగింది. పీర్ల పండుగ. పీర్ల కొట్టం ముందట గుండం తవ్వుతుండ్రు. ఇగ పది దినాలు పొద్దుగూకితె గుండంల మొద్దులు మండుడు, చుట్టు జనం ఆడుడు. సారు నాలుగో మూల సక్కగ ఆ గుండానికి ఎదురుగ ఉన్నది.

సారు తల పట్టుకొని కూసున్నడు. "మా తాత పీరు ఎత్తినోడు బిడ్డా. నెలవంకకు పీర్లు లేస్తయని నా కంటె ఎవలికి ఎరుక? చంద్రుడు ఎప్పుడు పోతడో చూసిన గని ఎందుకు వస్తడో చూడలె."

ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చిండు. పీర్లను చూసుకునేది ఆయననే, కులానికి గౌడ్. "సార్, మీ పనికి అడ్డమైతదంటె ఈ సారి గుండం చిన్నగ ఏస్తం. ఊరోళ్లకు నేను చెప్త," అన్నడు.

"అంత పని చెయ్యకండ్రి. నేనొచ్చి మీ గుండం తగ్గిచ్చిన్నంటె మా తాత లేసొచ్చి నన్ను తంతడు," అన్నడు సారు. "నా డబ్బానే జరుపుకుంట."

జరుపుతె ఎక్కడికి? బీడుల ఆ దిక్కంత మంట ఎలుగుల ఉన్నది. ఆఖరికి గుట్ట ఎనకకు మోసుకపోయినం. కడమ మూడిటి నుంచి ముందటి కంటె దగ్గర దగ్గర రెండింతల దూరం, వరుసల లేదు, లెక్కల లేదు. కడమ మూడు తమ జాగలల్ల ఉన్నయి. ఎట్లున్నదంటె మూడు కాళ్లు సక్కగుండి ఒక కాలు బయటికి జాపిన మంచం. సారుకు కండ్లల్ల నలుసు పడ్డట్టయింది. "ఈ నాలుగోదాన్ని లెక్కల పట్టకు. మూడిటితోనే చూద్దాం," అన్నడు. అట్లని తను పీర్ల కాడికి పోయి, పీరుకు దట్టీ బట్ట కట్టిచ్చొచ్చి, మలీద ప్రసాదం ముద్ద నా చేతుల పెట్టిండు.

నేను ఆ నాలుగోదాన్ని లెక్కల పట్టిన. మాట ఇనక గాదు, ఉన్న డేటా పారేసుడు నాకు సాతగాదు. చిన్న మెరుపులను దగ్గరున్న మూడు పట్టుకున్నయి, అది అనుకున్నదే. గని పెద్ద జోరుతోని వచ్చిన మెరుపులను గుట్ట ఎనకది గూడ పట్టుకున్నది. సారు లెక్క ప్రకారం దానికి అంతగనం కనపడొద్దు. దూరంల ఉండుడుతోని అది వేరే దిక్కు నుంచి చూసింది, అందుకే కిరణం వచ్చిన దిక్కు ఇంకింత సాఫ్‌గ తెలిసింది. అప్పుడు కంప్యూటర్ల కొండ మీది పెద్ద దుర్బీన్లను పెట్టి చూసిన. ఒకసారి సారు చౌకం లెక్క, ఒకసారి మా వంకర మంచం లెక్క. వంకరదే గెలిచింది. చిన్నయి పెద్దగ పోలేదు, పెద్దయి చానా దొరికినయి.

నాకు సంబురం కాలె. కమిటీ ఆఖరి మీటింగు దగ్గరికొచ్చింది. అది ఒడిస్తె పునాదులే. చెప్పకపోతె కొండ మీద తక్కువ చూసే దుర్బీన్లు లేస్తయి. చెప్తె, సారు జీవితమంత నిలబెట్టుకున్నది కూలుతది. అదీ నా చేతులతోని.

మర్నాడు పొద్దుగాల పోయి చెప్పిన. సారు చాయ్ సాసర్ల పోసుకొని ఊదుతుండు. నేను చెప్పేదంత ఇని, సాసర్ కింద పెట్టి, "తప్పు చేసినవ్. మల్ల చెయ్," అన్నడు. మల్ల చేసిన. గదే వచ్చింది. "మొదటి నుంచి చెయ్, నా ప్రోగ్రాం వాడకు," అన్నడు. చేసిన. గదే వచ్చింది. అప్పుడు సారుకు కోపమొచ్చింది. "నాకు ముప్పై ఏండ్ల అనుభవం. నువ్వు పీహెచ్‌డీ సగంల ఇడిసిపెట్టినదానివి," అన్నడు. ఆ మాట నన్ను కోసింది, చెప్తున్న కదా. నేను గూడ ఊకోలె. "రెండో దుర్బీను ఏది అంటరు కదా సార్. మీరే కండ్ల ముందట పెట్టుకొని కనపడలేదంటున్నరు," అని లేసొచ్చిన.

కొన్ని దినాలు మాటలు లెవ్వు. ఒక్కటే గల్లీ, ఎదురుపడితె నేను ఫోన్ చూసుకుంట పోవుడు, ఆయన ఆకాశం చూసుకుంట పోవుడు. నడుమ ఖాలా నలిగింది. "తింటలేడు బిడ్డా, కంప్యూటర్ ముందట నుంచి లేస్తలేడు. మీ ఇద్దరి నడుమ ఏమైంది?" అని అడిగింది. చౌకం పోతాంది ఖాలా అని చెప్పాల్నా?

ఒకనాడు పొద్దుగాల అరుగు మీద కూసొని ఉన్నడు సారు. నేను తలుపు తీయంగనే, "నా తీరుగ చేసిన. నీ తీరుగ చేసిన. మూడో తీరు గూడ చేసిన," అన్నడు. కండ్లు ఎర్రగున్నయి. "ఆ నాడు నత్త కంప్యూటర్ కోసమని చౌకం పెట్టిన. కంప్యూటర్లు గుర్రాలైనయి, నేను చౌకం దిగలె. పైసకు ఎనకాడలె, చదువుకు ఎనకాడలె, గీ ఒక్క సవాలు మల్ల అడగనీకె ఎనకాడిన." అరుగు మీద పక్కకు జరిగి నాకు జాగా ఇచ్చిండు. "ఆ నాటి మాట మర్చిపో బిడ్డా. నాకు భయమైంది, అందుకే అన్న."

అంత పెద్దమనిషి నాకు భయమైందని చెప్పుడు నాకు కొత్త. నేను చాయ్ పెట్టనీకె లోపలికి ఉరికిన, కండ్లు కనపడకుండ.

మీటింగుకు నన్ను గూడ తీసుకపోయిండు. పెద్ద గది, పెద్ద బల్ల, అందరు కంప్యూటర్లల్ల చూపిస్తుండ్రు. సారు బోర్డు అడిగిండు. జేబుల నుంచి సుద్దముక్క తీసి చౌకం గీసిండు. ఆయన చౌకం ఎప్పటిలెక్క సక్కగనే వచ్చింది. దాన్ని జర సేపు చూసిండు. తర్వాత అరచేతితోని ఒక మూలను చెరిపేసి, దూరంగ, వరుస తప్పి, ఒక చుక్క పెట్టిండు. "ఇది ఇక్కడుండాలె," అన్నడు.

చిన్న వయసాయన ఒకడు జర ఎటకారంగ అడిగిండు, "సార్, ఆ చౌకం మీరు పెట్టిందే కదా?"

"అవును. నేను పెట్టిన్నని నేనే తీస్తున్న. మీరు తీసేదాక ఉంటె నాకు కోపమొస్తుండె," అన్నడు సారు. అందరు నవ్విండ్రు. ఎట్ల తట్టింది సార్ ఇది అని ఇంకొకాయన అడిగితె, "మా దిక్కు పీర్ల పండుగొచ్చింది," అని చెప్పి కూసున్నడు. వాళ్లకేమర్థమైందో. కడమ లెక్కలన్ని నన్ను చెప్పమన్నడు. చెప్పిన. ఒప్పుకున్నరు.

తిరిగొచ్చేటప్పుడు రైలుల సారు చానాసేపు కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు. ఆఖరికి, "చెరిపేటప్పుడు గుండెల కలుక్కుమన్నది. అబద్ధమెందుకు?" అన్నడు. అరచేతికి ఇంక తెల్ల సుద్ద అంటుకొనే ఉన్నది, కడుక్కోలె. పల్లికాయ పొట్లం ఇప్పి ఆయన ముందట పెట్టిన. నల్లగొండ దాక ఇద్దరం అవే తినుకుంట వచ్చినం.

ఆ తర్వాత నా పీహెచ్‌డీ అయిపోయింది. నాయిన పోయిండు. సారు మా ఊరికొచ్చి మట్టి ఏసిండు, ఆ బీడుల ఒక్కడే నిలబడి చానాసేపు దువా చేసిండు. ఇటు కొండ మీద పని సాగి సాగి దుర్బీన్లు లేసినయి. అప్పటికి సారు గుండెకు దవాఖానల రెండుసార్లు పడకేసుడైంది. డాక్టర్లు అంతెత్తుకు పోవద్దన్నరు. "పోతె ఏమైతది, అక్కన్నే ఉండిపోత," అని కొట్లాడిండు గని ఖాలా ఏడ్చేసరికి ఊకున్నడు. "నువ్వు పోయి చూసి రా," అన్నడు నాకు.

పోయిన. అక్కడ ఊపిరి ఆడది, చలికి చేతి వేళ్లు కొంకర్లు పోతయి. దుర్బీన్ల అద్దాలల్ల ఆకాశం తలకిందులుగ కనపడుతది. మూడు ఒక్క కాడ ఉన్నయి, నాలుగోది దూరంగ ఒక్కతే నిలబడి ఉన్నది. అక్కడ పనిచేసే పిల్లలను అది గట్ల దూరంగ ఎందుకున్నదని అడిగితె, డిజైనే గట్ల మేడం అన్నరు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఫోటోలు తీసుకొని వచ్చిన.

సారు ఇంట్ల పడక కుర్చీల కూసొని ఉన్నడు. కండ్లద్దాలు తుడుసుకొని ఫోన్ చేతులకు తీసుకున్నడు. మూడు దుర్బీన్లను చూసిండు. దూరమున్నదాన్ని చూసి, "మంచిగుంది, మంచిగుంది," అన్నడు. ఇంకొక ఫోటో కాడ ఆగిండు. అండ్ల దుర్బీన్లు పక్కకున్నయి, ముందల నేలల ఒక గుంత. "ఇదేంది?" అని అడిగిండు.

చెప్పాల్నా వద్దా అనుకున్న. "మీ నాలుగో మూల సార్. మీటింగు కంటె ముందే తొందరపడి తవ్విండ్రట. తర్వాత ఎవలు పూడ్చలె."

సారు రెండు వేళ్లతోని ఆ ఫోటోను పెద్దగ చేసిండు. దుర్బీన్లు పక్కకు పోయినయి, ఫోన్ నిండ గుంతనే వచ్చింది.

"లోపల తెల్లగ ఏముంది?"

"మంచు సార్."

"పై నుంచి వచ్చే వెలుతురు దాంట్ల గూడ పడుతుండొచ్చు."

"పడుతది సార్. చుట్టు అన్నిటి మీద ఎట్ల పడుతదో దాంట్ల గూడ అట్లనే పడుతది."

"అయితె ఫికర్ లేదు," అన్నడు సారు. ఖాలా చాయ్ తెచ్చి పక్కన పెట్టింది, సల్లారుతదని రెండుసార్లు చెప్పింది. సారు ఫోన్ నాకియ్యలె. ఒళ్లె పెట్టుకొని, ఆ గుంతనే చూసుకుంట కూసున్నడు.